ఇంకొంచెం... చాలు!

వంటల పుస్తకం ఏది తెరిచినా ఓ మాట తప్పకుండా కనిపిస్తుంది. ఉప్పు: తగినంత. కందిపప్పు ఒక కప్పు అంటారు. పచ్చిమిర్చి ఆరు అంటారు. నూనె నాలుగు చెంచాలంటారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క ఆగిపోతుంది. తగినంత అంటే ఎంత? రాసినవాళ్లకూ తెలుసు, వండేవాళ్లకూ తెలుసు. అంకెలో పెట్టడమే కుదరదు.

ఎలక్ట్రానిక్స్‌లోనూ అలాంటి 'తగినంత' ఒకటుంది. సొంతంగా సింథసైజర్ తయారుచేసుకునేవాళ్లకు అది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. బయటి నుంచి వచ్చే శబ్దాన్ని సర్క్యూట్‌లోకి ఎంత పంపాలో నిర్ణయించే చిన్న నాబ్ అది. పేరు ఇన్‌పుట్ లెవెల్ కంట్రోల్. చూడ్డానికి రేడియోలో వాల్యూమ్ నాబ్‌లాగే ఉంటుంది. లోపల ఉండేది కూడా నాలుగైదు విడిభాగాలే.

హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ నాబ్ కుదరడానికి రెండు నెలలు పట్టింది. శబ్దం రూపాన్ని తెరమీద చూపించే ఆసిలోస్కోప్ అతని దగ్గర లేదు. పరీక్షించడానికి ఉన్నవి రెండే. ఒకటి మామూలు మల్టీమీటర్. రెండోది పక్కగదిలో ఉన్న అమ్మ!

తంబుర పోయి... పెట్టె వచ్చి...

ఆవిడ సంగీతం టీచరు. ముప్పై ఏళ్లపాటు పిల్లలకు సరళీ స్వరాల నుంచి కీర్తనల దాకా నేర్పారు. రిటైరయ్యాక సొంతిల్లు అమ్మేసి కొడుకుతో పాటు అపార్ట్‌మెంట్‌లోకి వచ్చారు. మారేటప్పుడు తంబురను ఓ శిష్యురాలికి ఇచ్చేశారు. కుండకు సన్నగా పగులొచ్చింది. పైగా కొత్తింట్లో దాన్ని నిలబెట్టే మూల కూడా లేదు. కొడుకు ఓ ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె కొనిచ్చాడు. స్విచ్ వేస్తే చాలు, పా-సా-సా-సా అంటూ ఎంతసేపైనా మోగుతూనే ఉంటుంది. తీగ తెగదు, శ్రుతి జారదు.

'ఎలా ఉందమ్మా?' అని అడిగితే ఆవిడ చెప్పింది ఒకటే మాట.

'శ్రుతి ఉందిరా నాన్నా. జీవం లేదు.'

ఆ తర్వాత తెల్లవారుజాము సాధన మెల్లమెల్లగా తగ్గిపోయింది. రోజూ ఉండేది వారానికి రెండుసార్లయింది. ఆపైన పండగలకే పరిమితమైంది. కారణం అడిగితే గొంతు బాగాలేదనేవారు. అసలు కారణం అది కాదని కొడుక్కి తెలుసు.

అతనికి చిన్నప్పటి నుంచీ సోల్డరింగ్ పిచ్చి. పగలు ఆఫీసు, రాత్రి బోర్డులు. అప్పటికి ఏడాదిగా ఓ సింథసైజర్ కడుతున్నాడు. అందులో ఫిల్టర్ పూర్తయ్యాక ఓ ఆలోచన వచ్చింది. శ్రుతి పెట్టె శబ్దాన్ని ఈ ఫిల్టర్‌లోంచి పంపితే ఎలా ఉంటుంది? ఆ చదునైన శబ్దంలో కాస్త ప్రాణం వస్తుందేమో!

అసలేమిటీ ఫిల్టర్?

సింథసైజర్ అనగానే కీబోర్డే గుర్తొస్తుంది. నిజానికి కీలు లేకుండానే బోలెడన్ని సింథసైజర్లున్నాయి. ఓ భాగం శబ్దాన్ని పుట్టిస్తుంది. మరో భాగం దాన్ని వడపోస్తుంది. ఇంకోటి హెచ్చుతగ్గులు చూసుకుంటుంది. వీటిని వైర్లతో కలుపుకుంటూ పోవడమే.

అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతకారుడితో కలిసి 1964లో ఇలాంటి విడివిడి భాగాల యంత్రాన్ని రూపొందించాడు. అంతకుముందు అతను థెరమిన్ అనే వాయిద్యాన్ని ఇంట్లోనే తయారుచేసుకునేలా కిట్లు అమ్మేవాడు. అంటే ఈ కథ మొదలైందే సొంతంగా చేసుకునేవాళ్లతో అన్నమాట. ట్రాన్సిస్టర్లను నిచ్చెన మెట్లలా పేర్చి మూగ్ చేసిన ఫిల్టర్‌కు 1969లో పేటెంట్ వచ్చింది. ఇళ్లల్లో ఫిల్టర్లు కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఆ నిచ్చెన ఎక్కుతూనే ఉన్నారు.

మూగ్ యంత్రం మన దేశానికీ అప్పుడే వచ్చింది. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్ వంటివాళ్లు దానిమీద ప్రయోగాలు చేశారు. ఆనాటి టేపుల్లో కొన్ని 2023లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి. సంప్రదాయ సంగీతం తెలిసిన చెవులు ఈ యంత్రాన్ని వినడం మన దగ్గర కొత్తేమీ కాదు.

వెనకాల వర్షం

మొదటి ప్రయత్నం చాలా సులువుగా సాగింది. కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ ఒకటి తెచ్చాడు. షాపులో దాన్ని 'పాట్' అంటే చాలు. మూడు కాళ్లుంటాయి. ఓ చివర శబ్దం వస్తుంది. రెండో చివర ఎర్తు. మధ్య కాలు నాబ్ తిప్పినకొద్దీ అటూ ఇటూ జరుగుతూ, వచ్చినదాంట్లో కొంత భాగాన్ని బయటికి తీసుకెళ్తుంది. దాన్ని ఫిల్టర్‌కు కలిపాడు. స్పీకర్ పెట్టి అమ్మను పిలిచాడు.

ఆవిడ కాసేపు విన్నారు. 'శ్రుతి ఎక్కడో దూరంగా ఉంది. దానికన్నా దగ్గర్లో వర్షం పడుతోందేమిట్రా?'

కిటికీ బయట ఎండ కాస్తోంది. ఆవిడ చెప్పిన వర్షం సర్క్యూట్‌లోది.

ఏ సర్క్యూట్‌కైనా తనదైన సన్నటి 'స్‌స్‌స్' ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టలేం. శబ్దం బలంగా ఉంటే ఆ చప్పుడు కింద అణిగిపోతుంది. ఇక్కడ జరిగింది వేరు. సొంతంగా చేసుకునే సింథసైజర్లలో ఎక్కువమంది పాటించేది 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ తెచ్చిన యూరోర్యాక్ పద్ధతి. అందులో శబ్దం పై అంచు నుంచి కింది అంచుకు సుమారు 10 వోల్టులు ఊగుతుంది. ఫిల్టర్‌ను ఆ లెక్కకే కట్టారు. మరి శ్రుతి పెట్టె ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చేదెంత? మల్టీమీటర్ 0.3 వోల్టులు చూపించింది. మీటరు చూపేది ఒక రకం సగటు. అంచు నుంచి అంచుకు లెక్కేస్తే దానికి దాదాపు మూడు రెట్లు. అంటే వోల్టు కూడా లేదు!

పది బిందెల బావిలోకి ఒక చెంబు నీళ్లు పోసినట్టయింది. చివర్లో స్పీకర్ పెంచితే శ్రుతీ పెరిగింది, దాంతోపాటు వర్షమూ పెరిగింది. పాట్‌కు ఓ పరిమితి ఉంది. అది తగ్గించగలదే తప్ప పెంచలేదు. పెంచాల్సింది ఫిల్టర్‌కు ముందే, చప్పుడు కలవక ముందే.

శ్రుతి కాదు... రంపం!

పాట్ తర్వాత ఓ ఆప్ ఆంప్ చిప్ పెట్టాడు. టీఎల్ 072 అని ఎనిమిది కాళ్లది. శబ్ద పరికరాల్లో విరివిగా వాడతారు. రెండు రెసిస్టర్లతో అది ఎన్ని రెట్లు పెంచాలో చెప్పొచ్చు. పెద్ద రెసిస్టర్‌ను చిన్నదానితో భాగించి ఒకటి కలిపితే ఆ అంకె వస్తుంది. అతను ఉత్సాహంలో 100 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ వేశాడు. అంటే 101 రెట్లు.

ఇంకేముంది! అమ్మ వంటింట్లోంచే కేకేశారు. 'ఒరేయ్, ఎవరో రంపంతో కోస్తున్నారు. ఆపు ముందు!'

చిప్‌కు ఇచ్చే కరెంటు అటు 12 వోల్టులు, ఇటు 12 వోల్టులు. శబ్దం ఆ గోడలను దాటి పోలేదు. దానికి కాస్త ముందే, పదీ పదిన్నర వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. వోల్టు శబ్దాన్ని వంద రెట్లు చేస్తే అది ఎక్కడికి పోతుంది? గుండ్రంగా లేవాల్సిన అల పైనా కిందా కత్తిరించినట్టు చదునైపోతుంది. ఆ తెగిన అంచులే రంపం పళ్లలా వినిపించాయి.

ఈసారి లెక్క వేసి కూర్చున్నాడు. 220 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లు. 22కు ఒకటి కలిపితే 23 రెట్లు. నాబ్ పూర్తిగా తిప్పితే శబ్దం అంచు నుంచి అంచుకు సుమారు 20 వోల్టులవుతుంది. చిప్ గోడలకు తగలదు. అందులో సగం దగ్గర ఫిల్టర్ కోరుకునే 10 వోల్టులు వస్తాయి. పాట్‌ను చిప్‌కు ముందే ఉంచడంలో మరో లాభం ఉంది. రేపు ఇంకేదైనా బలమైన శబ్దాన్ని కలిపినా నాబ్ తగ్గించుకుంటే చాలు. చిప్ దాకా వెళ్లేలోపే అది అదుపులోకి వచ్చేస్తుంది.

చెవి లెక్క వేరు

రంపం పోయింది. మరి నాబ్? అమ్మ చేతికే ఇచ్చాడు. ఆవిడ కొద్దిగా తిప్పగానే శబ్దం గబుక్కున పైకి లేచింది. ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్దగా తేడా లేదు. 'మొదట్లో అంతా తొందరే. తర్వాత అంతా బద్ధకమే. దీనికి కాలప్రమాణం లేదురా' అన్నారు.

చెవి కూడికలు చేయదు, రెట్లు లెక్కపెడుతుంది. వోల్టు రెండు వోల్టులైతే ఎంత తేడా వినిపిస్తుందో, రెండు నాలుగైతేనూ దాదాపు అంతే తేడా వినిపిస్తుంది. సంగీతం తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆవిడది ఐదు శ్రుతి. మంద్ర షడ్జం సెకనుకు 98 కంపనాలు. మధ్య షడ్జం 196. తార షడ్జం 392. స్థాయి మారినప్పుడల్లా రెట్టింపే. చెవికి మాత్రం అవి సమానమైన మెట్లు.

అతను తెచ్చిన పాట్ 'లీనియర్' రకం. నాబ్ పదో వంతు తిరిగితే పదో వంతు వోల్టేజీ ఇచ్చేస్తుంది. చెవికి అప్పటికే సగం మెట్లు ఎక్కేసినట్టుంటుంది. శబ్దానికి కావాల్సింది 'లాగ్' రకం. సగం తిప్పినా పదీ పదిహేను శాతమే ఇస్తుంది. మిగతాది ఆపైన అందుకుంటుంది. మన మార్కెట్లో దొరికేవాటిపై సాధారణంగా బి అక్షరం ఉంటే లీనియర్, ఎ ఉంటే లాగ్. కొన్ని పాత యూరప్ సరుకుల్లో అక్షరాలు వేరు. అందుకే అక్షరాన్ని నమ్మడం కన్నా మల్టీమీటర్‌ను నమ్మడం మేలు. నాబ్‌ను సగానికి తిప్పి, ఎర్తు కాలికీ మధ్య కాలికీ నడుమ కొలిస్తే సరి. 50 కిలో ఓమ్‌లు చూపిస్తే లీనియర్. పదీ పదిహేను చూపిస్తే లాగ్.

ఆ వారం షాపులో లాగ్ పాట్ దొరకలేదు. దానికీ ఓ ఉపాయముంది. లీనియర్ పాట్ మధ్య కాలి నుంచి ఎర్తుకు 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కలిపితే చాలు. సగం తిప్పినప్పుడు 50 శాతానికి బదులు 19 శాతమే బయటికొస్తుంది. అసలైన లాగ్ కాదు, దాని పినతల్లి కొడుకు! అమ్మ తిప్పి చూసి తలూపారు. 'ఇప్పుడు విలంబంలో పడింది.'

మంద్రం ఏదిరా?

అయినా పూర్తి కాలేదు. నాబ్ తిప్పినప్పుడల్లా గరగరమంటోంది. శ్రుతి పెట్టె నుంచి శబ్దంతో పాటు ఊగకుండా నిలబడిపోయే డీసీ వోల్టేజీ కొద్దిగా వస్తోంది. పాట్ లోపలి పలక మీద మధ్య కాలు జరిగినప్పుడు అదే గీసుకుంటున్న చప్పుడుగా మారుతోంది. మందు తెలిసిందే. మొదట్లో ఓ కండెన్సర్ పెడితే అది ఊగే శబ్దాన్ని పంపి, కదలని డీసీని గుమ్మంలోనే ఆపేస్తుంది. డబ్బాలో చేతికందిన 0.01 మైక్రోఫారడ్‌ది వేసేశాడు. గరగర మాయం!

అమ్మ కళ్లు మూసుకుని విన్నారు. నొసలు ముడిపడింది. 'మంద్ర షడ్జం ఏదిరా? పైవాళ్లంతా ఉన్నారు. ఇంటి పెద్ద లేడు.'

లెక్క చూసుకుంటే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ కండెన్సరూ 100 కిలో ఓమ్‌లూ కలిసి 159 కంపనాల దగ్గర గీత గీస్తాయి. దానికి కిందున్న స్వరాలు పలచబడిపోతాయి. 98 దగ్గరున్న మంద్ర షడ్జానికి మిగిలేది ఇంచుమించు సగం బలమే. పైగా పాట్‌కు తగిలించిన 15 కిలో ఓమ్‌ల వల్ల నాబ్ పెంచేకొద్దీ ఆ గీత ఇంకా పైకి జరుగుతుంది. అదే కండెన్సర్ 1 మైక్రోఫారడ్‌ది వేస్తే గీత వంద రెట్లు కిందికి దిగుతుంది. ఏ మంద్రానికీ అడ్డు రాదు. మర్నాడు సాయంత్రం అది మార్చాడు. ఇంటి పెద్ద తిరిగొచ్చాడు.

ఎర్ర దీపం

చివరగా ఓ చిన్న ఎర్ర ఎల్ఈడీ అమర్చాడు. శబ్దం 10 వోల్టుల ఊపు దాటితే వెలుగుతుంది. అతని ఉద్దేశంలో అది హెచ్చరిక. ఇంతవరకే, దాటొద్దు అని.

1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథసైజర్‌లోనూ ఇలాగే బయటి శబ్దానికి ఓ నాబ్, పక్కన హద్దు దాటితే వెలిగే దీపం ఉన్నాయి. సంగీతకారులు ఏం చేశారో తెలుసా? ఆ దీపాన్ని కావాలనే వెలిగించారు! యంత్రం ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి దాని ఇన్‌పుట్‌లోనే పెట్టేవాళ్లు. శబ్దం చిక్కబడేది. అసలు మినీమూగ్ గొంతులోని ఆ నిండుదనానికి ఓ లెక్క తప్పు కూడా కారణమే. ఫిల్టర్‌లోకి అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో శబ్దం వెళ్లిపోతోందని తర్వాత తెలిసింది. ఆ యంత్రం మీద పనిచేసిన ఇంజనీర్లే ఈ సంగతి చెప్పారు.

చిప్ కత్తిరిస్తే రంపం అవుతుంది. నిచ్చెన ఫిల్టర్ అలా చేయదు. ట్రాన్సిస్టర్లు మెల్లగా, అంచులను గుండ్రంగా నొక్కుతాయి. అప్పుడు అసలు స్వరం మీద దాని అనుస్వరాలు పుడతాయి. తగినంత పుడితే నిండుదనం. మించితే గోల.

ఇవన్నీ చదివిన కొడుకు, దీపం వెలగని చోటే నాబ్ ఉంచి అమ్మను పిలిచాడు. శుభ్రంగా ఉంది. వర్షం లేదు, రంపం లేదు, మంద్రం నిండుగా ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. చెయ్యి చాచి నాబ్ పట్టుకున్నారు. ఇంకొంచెం తిప్పారు. ఇంకొంచెం. ఎర్ర దీపం మిణుకుమంది. అతను 'అమ్మా, దాటింది' అనబోయాడు. ఆవిడ రెండో చేత్తో వారించారు. వెంట్రుకవాసి వెనక్కి తిప్పి వదిలేశారు.

'చాలు. ఇదీ జీవాళి.'

తంబుర గుర్రం మీద ప్రతి తీగ కిందా ఓ దారపు పోగు ఉంటుంది. అదే జీవాళి. దాన్ని నూలువాసి ముందుకూ వెనక్కూ జరుపుతారు. సరైన చోట పడగానే తీగ గుర్రాన్ని తాకీ తాకనట్టు తాకుతుంది. ఒక్క మీటుకు అనుస్వరాలన్నీ లేచి ఝుమ్మంటాయి. కాస్త అటైతే మూగబోతుంది. కాస్త ఇటైతే గరగరమంటుంది. దారం ఎక్కడుండాలో కొలిచి చెప్పిన గురువు లేడు. శిష్యుడి చెయ్యి పట్టుకుని జరిపి 'విను' అన్నవాళ్లే అందరూ.

తీగ, గుర్రం ఒకచోట. వోల్టులు, ట్రాన్సిస్టర్లు మరోచోట. లోపల జరిగేది ఒకటి కాదు. కానీ రెండుచోట్లా అడిగే ప్రశ్న ఒకటే. తాకాలి, ఎంత తాకాలి? 23 రెట్లు, 15 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్... ఈ లెక్కలన్నీ ఆ ప్రశ్న గుమ్మం దాకా తీసుకెళ్తాయి. అవి లేకపోతే ఆవిడ చెయ్యి వెతికే చోటే నాబ్ మీద ఉండేది కాదు. లోపలికి వెళ్లాల్సింది మాత్రం చెవే.

నాబ్ చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు రాద్దామనుకున్నాడు కొడుకు. అమ్మ వద్దన్నారు. అద్దం మీద అంటించుకున్న స్టిక్కర్ బొట్టు ఒకటి తీసి, నాబ్ గీత ఆగినచోట అతికించారు.

మర్నాడు తెల్లవారుజామున ఐదుకు అతనికి మెలకువొచ్చింది. పక్కగదిలో శ్రుతి మోగుతోంది. దానిమీద ఆవిడ గొంతు, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, మొదటి కాలం. లేచి తలుపు సందులోంచి చూశాడు. నాబ్ గీత బొట్టు దగ్గర లేదు. కొద్దిగా ఎడమకు ఉంది. ఎర్ర దీపం వెలగడం లేదు. నిద్ర లేచిన గొంతుకు ఆ పూట అంతే సరిపోయిందేమో!